తిట్లు తినే కంచు కొంగ

“ఒరేయ్ దున్నపోతా! ఇటు! నేనిక్కడుంటే అటు దిక్కులు చూస్తావేంరా?”

కురమోచి గొంతు స్టూడియో ఆవరణంతా మోగింది. ముసుగులో ఉన్న కంచు కొంగ గిర్రున తిరిగి కత్తితో ఒక్క వేటు వేశాడు. కురమోచి పొట్ట పట్టుకుని దొర్లి, నోట్లోంచి ఎర్రరంగు నీళ్లు కక్కి, లక్షణంగా చచ్చాడు. చచ్చాక కూడా నోరు మూసుకోలేదు.

“ఆగక్కడ, వెధవా! ఇంకో అడుగేస్తే నా మొహం తొక్కుతావ్!”

“కట్!” అన్నాడు డైరెక్టరు ఇసోగాయ్, పళ్లు కొరుకుతూ.

టోక్యో నుంచి ఈ క్యోటో స్టూడియోకి వచ్చి నెల కాలేదు. అప్పుడే ప్రాణం విసిగిపోయింది. పాత డైరెక్టరు మంచం పడితే ఈ సీరియల్ అతని నెత్తిన పడింది. కత్తులేలిన కాలం నాటి కథ. ప్రజల్ని పీడించే ప్రభువుల పాలిట యముడు కంచు కొంగ అనే ముసుగు వీరుడు. దేశంలో పిల్లలంతా శనివారం సాయంత్రం అన్నం గిన్నె చేత్తో పట్టుకుని టీవీ ముందు కూచునేది వాడి కోసమే.

ముసుగు లేని సీన్లలో కనపడే అందగాడు వేరు. ముసుగు వేసుకుని గెంతేవాడు హిరాసె. పేరు తెర మీద పడదు, మొహం ఎవరికీ తెలీదు. స్టూడియో చూడ్డానికి పిల్లలు వస్తారని, ముసుగు మనిషి మేకప్ గదిలోంచి ముసుగుతోనే రావాలి, ముసుగుతోనే పోవాలి. అక్కడి కట్టుబాటు అది. ఇసోగాయ్ కూడా ఇంతవరకూ అతని మొహం చూడలేదు.

ఆ నోరులేని మనిషిని పట్టుకుని ముసలి కురమోచి రోజూ కాల్చుకు తింటున్నాడు. ముప్ఫై ఏళ్లుగా హీరోల కత్తులకి చావడమే ముసలాడి ఉద్యోగం. ఆ కడుపుమంటేనేమో! పొద్దున్నే హిరాసెని నడికట్టు పట్టుకుని గొడ్డుని ఈడ్చినట్టు సెట్లోకి ఈడ్చుకొస్తాడు. మధ్యాహ్నం అన్నం ముద్ద చేతిలో కుక్కి, “మింగు! కుడిపక్కన టీ పెట్టాను, ఒలకబోశావంటే వీపు చీరేస్తా!” అంటాడు. హిరాసె ముసుగు ముక్కు దాకా ఎత్తుకుని, ఎదురు మాట లేకుండా తింటాడు.

ఈ సీరియళ్లకి బొమ్మ ముందు తీసి, మాటలూ చప్పుళ్లూ తర్వాత కలుపుతారు. ఎవడెంత గొంతు చించుకున్నా ఫిల్ముకెక్కదు. ఆ అలుసు చూసుకునే ముసలాడు రెచ్చిపోతున్నాడు!

“మీరెవరూ ఏమీ అనరేం?” అని ఇసోగాయ్ లైట్‌మన్‌ని నిలదీశాడు.

“పాత డైరెక్టరు గారు వాళ్ల జోలికి పోయేవారు కాదండీ. మీరు టోక్యో వాళ్లు. మీకెలా తోస్తే అలా...” అని నవ్వాడు లైట్‌మన్. ఆ నవ్వు చూస్తే ఇసోగాయ్‌కి ఒళ్లు మండింది. ఈ ఊళ్లో ఒక్కడూ ఏదీ సూటిగా చెప్పి చావడు!

ఆ రోజు చివరి షాట్ మిగిలింది. కోటగోడ మీద కంచు కొంగ పరుగెత్తుకుంటూ వచ్చి, చివర్న నిలబడ్డ శత్రువుని, అంటే కురమోచిని, నరకాలి. రెండు తాటిచెట్లెత్తు గోడ, కింద గులకరాళ్లు. పొద్దు వాలేలోగా అది తీయకపోతే ఇసోగాయ్ పెట్టే బేడా సర్దుకోవాల్సిందేనని నిర్మాత తేల్చి చెప్పాడు.

హిరాసె నిచ్చెన ఎక్కుతుంటే వెనకాలే కురమోచి మొదలెట్టాడు. “పైకెక్కరా, మొద్దూ! ఇంకో మెట్టు! ఇంకోటి! మీ అమ్మ నడక నేర్పలేదట్రా? తిన్నగా నిలబడు!”

ఇసోగాయ్‌కి తల తిరిగిపోయింది.

“చాలు! ముసలాణ్ణి దించండి. బయటికి గెంటండి. వాడి వేషం ఇంకెవడికైనా వెయ్యండి. ఇకమీదట నా సెట్లో కిక్కురుమనడానికి వీల్లేదు!”

హిరాసె గోడ మీంచే చేతులు జోడించాడు. “ఆయన్ని ఉంచండి, డైరెక్టరు గారూ. మీకు పుణ్యముంటుంది.”

“సిగ్గులేదయ్యా నీకు? నీకోసమేగా ఇదంతా!”

కుర్రాళ్లు నలుగురు పట్టుకుని లాగుతుంటే కురమోచి శివాలెత్తిపోయాడు. “వాణ్ణి దించండి! ముందు వాణ్ణి దించండి! ఆ షాట్ వాడి వల్ల కాదు!”

“ఆఖరికి దాన్నీ చెడగొడదామనేనా?” అని ఇసోగాయ్ వెటకారం చేశాడు. “ఈ జన్మకి నువ్వు మళ్లీ ఈ గేటు తొక్కలేవు పో!”

గేటు మూసుకున్నాక కూడా ముసలాడి కేక లోపలికి వచ్చింది. గొంతు జీరబోయింది. “కదలకురా ఒరేయ్! కదిలావో చంపేస్తా!”

ఆ తర్వాత సెట్ నిశ్శబ్దమైపోయింది. ఈ ఊరొచ్చాక మొదటిసారి ఇసోగాయ్ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. గోడ చివర్న కొత్త శత్రువు కత్తి దూసి సిద్ధంగా ఉన్నాడు. చెప్పిన ప్రకారం నోరు మెదపలేదు.

“స్టార్ట్!”

కంచు కొంగ కదల్లేదు.

“స్టార్ట్ అన్నానా!”

ఊహూఁ. శిలలా నిలబడ్డాడు. కెమెరాలో ఫిల్ము వృథాగా తిరిగిపోతోంది. పొద్దు కొండల మీదికి జారుతోంది. గెంటేసిన ముసలాడి మాటకి ఇంకా వణుకుతున్నాడు చచ్చు సన్నాసి! ఇసోగాయ్‌లో ఉన్న కాస్త జాలీ ఆవిరైపోయింది. దడదడా నిచ్చెనెక్కి, కంచు కొంగకి ఎదురుగా నిలబడి, ముసుగు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

పడమటి ఎండ సూటిగా కళ్లలో కొడుతున్నా రెప్పైనా చిట్లించకుండా, ఇసోగాయ్ లేని పక్కకి మొహం తిప్పి హిరాసె మెల్లగా అడిగాడు: “ఎవరండీ అది... కురమోచి గారి గొంతు వినపడట్లేదు, అంచు ఎటుందో మీరైనా కాస్త తిట్టి చెప్తారా?”