వెనక ఎర్ర దీపం

కార్లన్నీ వాటంతట అవే నడుస్తున్న ఈ రోజుల్లో, మనిషి నడిపే కార్లు విశాఖలో నాలుగే మిగిలాయి. వాటిలో టాపు మడిచేది మా మామగారు పేర్రాజు గారిదొక్కటే. సాయంత్రం తనిఖీలో బ్రేకు దీపం వెలగకపోతే దాన్ని తుక్కుకు పట్టుకుపోతారు.

నేను బల్బు మార్చాను, ఫ్యూజు చూశాను. వైరులో కరెంటు వస్తూనే ఉంది, దీపం మాత్రం వెలగలేదు.

"ఎర్తు వైరు ఎక్కడ బిగించారు మామయ్యగారూ?"

"డిక్కీ లోపల, బోల్టు కింద. దసరా పూజకని అక్కడ కూడా రెండు పూతలు రంగేశానమ్మా."

"రంగు మీదే బిగించేశారా? రంగులోంచి కరెంటు పోదుగా!"

నేను బోల్టు విప్పి గరుకు కాగితం ఆయన చేతికిచ్చాను. తాను వేసిన రంగును ఇనుము మెరిసేదాకా ఆయనే గీకారు. వైరు బిగించి నేను బ్రేకు తొక్కాను. దీపం వెలిగింది.

తనిఖీకి వచ్చిన సుభాన్ నా చేత బ్రేకు తొక్కించి దీపం చూశాడు. అనుమతి కాగితం మీద ముద్ర వేస్తూ నవ్వాడు. "వెనక బండ్లు దీపం చూసి ఆగే కాలం పోయింది తాతా. ఇంక దీన్నెవరు చూస్తారు చెప్పు?"

"నేనున్నాగా బాబూ," అన్నారు మామగారు. నెమ్మదిగా కారు వెనక్కి వెళ్లి నిలబడ్డారు.

"ఇంకాసేపు తొక్కి ఉంచమ్మా."