ఇంగ్లీషుకు ఒట్టు లేదు

"మాట్లాడనంటే మాట్లాడను అత్తయ్యా! ఆవిడతో పలకనని ఒట్టేసుకున్నాను" అంది చిన్న కోడలు, కూరగాయల కత్తిని ఠపీమని గట్టు మీద పెడుతూ.

"నిన్ను కబుర్లు చెప్పమన్నానా? చదివించమన్నాను" అంది అత్తగారు. "పెద్దదానికి పై ఉద్యోగం రావాలంటే ఏదో ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలట. రాయడం సరే గానీ, మాట్లాడాల్సి వచ్చేసరికి నోరు పెగలడం లేదట. ఇంట్లో ఇంగ్లీషు టీచరమ్మను పెట్టుకుని ఊరంతా వెతకమంటావా?"

"నోరు విప్పకుండా ఎలా చదివించను? ఒట్టు ఉందిగా!"

"ఆ ఒట్టు ఏ భాషలో వేసుకున్నావు?"

"తెలుగులోనే."

"మరి ఇంగ్లీషుకు వచ్చిన ఇబ్బందేమిటి?" అని అత్తగారు మళ్ళీ బఠాణీలు ఒలుచుకోవడంలో పడిపోయింది.

నిజం చెప్పాలంటే చిన్న కోడలు తిరుగు జవాబు కోసం పెద్దగా వెతకలేదు. తన పుట్టింటివాళ్ళు వచ్చిన రోజు ఆ మహాతల్లి గది తలుపేసుకుని, ఒక్క పలకరింపుకైనా బయటికి రాలేదని కోపం. కోపం సంగతి ఎలా ఉన్నా, ఒకే వంటింట్లో తిరుగుతూ నోరు కట్టుకుని ఉండడం ఆమెలాంటి వాగుడుకాయకు ప్రాణసంకటంగా ఉంది.

మర్నాడు సాయంత్రం భోజనాల బల్లే పరీక్ష గది అయింది. పెద్ద కోడలు నర్సు డ్యూటీ దిగి వచ్చి, బట్టలు మార్చుకుని బుద్ధిగా కూర్చుంది. చిన్న కోడలు కళ్ళజోడు సర్దుకుని, "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అంది. ఏడాదిగా ఒకే ఇంట్లో ఉన్న తోడికోడలిని పేరు అడగడం ఆమెకే నవ్వు తెప్పించింది. అయినా పరీక్షంటే పరీక్షే.

"మై నేమ్... మై నేమ్..." అని పెద్ద కోడలు నీళ్ళు నమిలింది. పక్క గదిలో ఉన్న ఆమె మొగుడికి ఎందుకో దగ్గు తెర ముంచుకొచ్చింది.

బళ్ళో పిల్లలే నయమనుకుంది చిన్న కోడలు. అనుకుంటూనే రోజూ ఇంటికి రాగానే కొత్త ప్రశ్నలు పట్టుకుని కూర్చునేది. వ్యాసాలు కూడా రాయిద్దామంటే పెద్ద కోడలు ఒప్పుకోలేదు. "రైటింగ్ నో ప్రాబ్లమ్. ఓన్లీ స్పీకింగ్ విత్ యూ" అంది. చివరి రెండు మాటలు అక్కర్లేదని చిన్న కోడలు దిద్దింది.

ఒకనాడు కావాలనే గురిచూసి వదిలింది. మీ ఇంట్లో జరిగిన ఒక గొడవ గురించి రెండు నిమిషాలు మాట్లాడండి అని ఇంగ్లీషులో అడిగి, దొరికిపోయిందిలే అని లోలోపల సంబరపడింది. కానీ ఆ పరీక్షకు ఒక నియమం ఉంది. అభ్యర్థి మాట్లాడే ఆ రెండు నిమిషాలూ ప్రశ్న అడిగినవాళ్ళు అడ్డు రాకూడదు.

పెద్ద కోడలు ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చింది. ఆ రోజు వార్డు నిండా జ్వరాలేనట. డ్యూటీ దిగేసరికి తన ఒళ్ళూ కాలిపోతోందట. ఇంటికొస్తే చుట్టాలు. వాళ్ళలో తోడికోడలి చెల్లెలు కడుపుతో ఉంది. దగ్గరికి వెళ్తే ఆ పిల్లకు ఎక్కడ అంటుకుంటుందోనని తలుపేసుకుందట.

చిన్న కోడలు రెండు మూడుసార్లు నోరు తెరవబోయి, నియమం గుర్తొచ్చి మూసుకుంది. పరీక్ష కాకపోయుంటే మొదటి వాక్యానికే విరుచుకుపడి ఉండేది. అలా చివరిదాకా విన్నది ఆమె జీవితంలో అదే మొదలేమో.

రెండు నిమిషాలూ అయ్యాయని ఫోనులో పెట్టుకున్న గంట మోగింది.

"వై డిడ్ యూ నాట్ టెల్?" అంది సన్నగా.

"నోబడీ ఆస్క్డ్. ఓన్లీ షౌటెడ్."

చిన్న కోడలికి తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకోవాలనిపించింది. కానీ ఇన్నాళ్ళు బిగుసుకుని ఇప్పుడు ఉన్నట్టుండి దిగొస్తే ఇంట్లోవాళ్ళు నవ్వరూ! "గుడ్. నెక్స్ట్ క్వశ్చన్" అని ముక్కు తుడుచుకుంది. ఈవిడను ఎలాగైనా పాస్ చేయించి, ఆ రకంగానైనా తప్పు దిద్దుకోవాలని గట్టిగా అనుకుంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. చిన్న కోడలు చీకటితోనే లేచి పెన్నులు, నీళ్ళ సీసా సంచిలో సర్ది, బడికి సెలవు చెప్పి, తోడు వెళ్ళడానికి తయారై నిలబడింది. పెద్ద కోడలి గదిలో మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. తలుపు తోసి చూస్తే ఆవిడ ముసుగుతన్ని పడుకుని ఉంది.

"ఎక్స్‌క్యూజ్ మీ! ఇట్ ఈజ్ లేట్!"

కదలిక లేదు.

"హలో! ఎగ్జామ్! బస్!"

జవాబుగా గురక వినిపించింది. బస్సు వేళ మించిపోతోంది. పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరయ్యేలా ఉంది. చిన్న కోడలికి ఇంక ఇంగ్లీషు ముక్క ఒక్కటీ నోటికి రాలేదు.

"అక్కా! లే అక్కా! నీకు పుణ్యముంటుంది, పరీక్ష పోతుందక్కా!" దుప్పటి లాగి పారేసి, భుజాలు పట్టి కుదిపేసింది. "ఆ రోజు నా బుద్ధి గడ్డి తిని ఏదేదో అన్నాను. తప్పంతా నాదే. ముందు నువ్వు లే అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను!"

గుమ్మంలో అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక పెద్ద కొడుక్కి మళ్ళీ దగ్గు మొదలైంది.

పెద్ద కోడలు తాపీగా ఒళ్ళు విరుచుకుని లేచింది. చిన్న కోడలి చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ పరీక్ష పాసయ్యాకే కదే పిచ్చిదానా, నాకు ఈ నర్సు ఉద్యోగం ఇచ్చింది!"