కిటికీ కింద తడి

పది కాకముందే కంప్యూటరు పెట్టె మళ్లీ ఆరిపోయింది.

ఆదివారం కాబట్టి ఉద్యోగం ఊడలేదు.

నల్లబడిన తెరలో మెహనాజ్‌కు తన మొహం కనబడింది. వెనక మంచం మీద తల్లి పీరమ్మ పాదాలు కనబడ్డాయి.

ఆ కంప్యూటరును మెహనాజ్, ఆమె అన్న అష్రఫ్ విడిభాగాలు తెచ్చి ఇంట్లోనే బిగించుకున్నారు. టిఫిను క్యారియరంత పెట్టె. అంతకంటే పెద్దదైతే ఆ గదిలో మంచానికి చోటుండదు.

పక్షవాతం పడిన తల్లిని వదిలి బయట ఉద్యోగానికి పోయే వీల్లేదు. పాత పొలం పటాలను తెర మీద గీసే ఈ పని ఒక్కటే గడప దాటకుండా దొరికింది. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఆగకుండా గీయాలి. ఈ వారంలో రెండుసార్లు మధ్యలో ఆగింది. మూడోసారి ఆగితే ఇంకొకరిని పెట్టుకుంటామని ఆఫీసువాళ్లు నిన్ననే చెప్పారు.

రేపు సోమవారం.

ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు మార్చింది. పెట్టె పక్క రేకు విప్పేసింది. టేబుల్ ఫ్యాను తెచ్చి దాని మొహానే పెట్టింది. ఏం చేసినా ఇరవై నిమిషాల్లో వేడి తొంభై ఎనిమిది డిగ్రీలకు ఎక్కుతుంది, దానంతటదే ఆరిపోతుంది.

ఐదు నెలలు చల్లగా నడిచిన పెట్టె ఇది.

చివరికి లోపలి ఫ్యాను ఊడదీసి చూసింది. ప్రాసెసర్‌ను చల్లబరిచే సన్నటి రేకుల మధ్య బూడిదరంగు పెచ్చులు కట్టి ఉన్నాయి.

రాతిపొడి.

కిటికీ ఎదుట, సందుకు అవతల, నాపరాళ్లు కోసే మిల్లు. రంపాల కింద పారిన బురద గోడవారన ఎండి గుట్టయింది. లారీ పోయినప్పుడల్లా అది లేచి వస్తుంది. మొన్న ఫ్యాను తీయకుండానే ఆ రేకులను తడిగుడ్డతో తుడిచింది. అదే పొరపాటు. రాతిపొడి తడిస్తే ఊరుకోదు, ఆరి సిమెంటులా పట్టుకుంటుంది.

పిన్నీసుతో గంటసేపు గీకింది. పెట్టె నడిచింది.

మళ్లీ దుమ్ము పడకుండా కిటికీ మూసింది. అరగంటకు గది పొయ్యిలా అయింది. తెర మీద వేడి అంకె ఎనభై దాటింది.

"కిటికీ తెరువు మ్మే. ఊపిరాడ్డం ల్యా" అంది పీరమ్మ.

తెరిచింది. లారీ పోయింది. పీరమ్మ దగ్గడం మొదలుపెట్టింది.

ఈ దగ్గు తగ్గి నెలలైంది. మళ్లీ ఈ వారమే తిరగబెట్టింది.

మూస్తే ఉడుకు. తెరిస్తే దుమ్ము. ఎటూ దారి లేదు.

అంతకుముందు ఆ కిటికీతో ఇంకో బెడద ఉండేది. అది వదిలి పది రోజులైంది.

ఒక ముసలాయన. మొదట్లో పొద్దున్నే సందు చివర కనబడేవాడు. రానురాను సరిగ్గా ఆమె కిటికీ కిందికే వచ్చాడు. తొమ్మిదికి ఆమె పనిలో కూర్చునే వేళకు గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉండేవాడు. గట్టిగా రొప్పేవాడు. ఆ రొప్పు గదిలోకి వినబడేది. తొంగి చూస్తే గోడ కింద నేలంతా తడి.

ఆ తడి ఏమిటనుకుందో అన్నతో చెప్పడానికి కూడా ఆమె సిగ్గుపడింది. చెప్పకుండానే అష్రఫ్‌కు అర్థమైంది. పోయి, ఆడవాళ్లుండే కిటికీ కింద ఇంకోసారి కనబడితే మర్యాద దక్కదన్నాడు. ముసలాయన ఏదో చెప్పబోయాడు. రొప్పు చెప్పనీయలేదు. తలాడించి వెళ్లిపోయాడు.

ఇప్పుడు మెహనాజ్ తలమీద కొంగు సర్దుకుని మిల్లు గేటు దగ్గరకు పోయింది. వాచ్‌మన్ వీరభద్ర కుర్చీలో కునుకు తీస్తున్నాడు.

"అన్నా, పొద్దున పూట ఆ గుట్ట మీద ఇన్ని నీళ్లు చల్లిచ్చరా?"

వీరభద్ర ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఇన్నాళ్లూ మహానంది చల్లుతాండె గదమ్మా. మీ యన్ననే గదా రావద్దని తరిమింది."

ఆమె తన కిటికీ వైపు తిరిగి చూసింది.

"ఆయప్ప మిల్లు మనిషా?"

"ఒగప్పుడు. ఇరవై ఏండ్లు రంపం కాడ జేసినాడు. రొమ్ములో దుమ్ము దిగినాక మానిపిచ్చిరి."

"మరి నీళ్లు ఎవరు చల్లమన్నారు?"

"ఎవురూ చెప్పల్యా. ఒగనాడు ఈ సందులో పోతా మీ యమ్మ దగ్గు ఇన్నాడంట. అది నాకు తెలిసిన దగ్గేలే అనె. ఆ పొద్దు నుంచి రైలుగేటు కాడి బోరింగు కొట్టుకోని, రెండు బిందెలు తెచ్చి పోస్తాండె. మీరు కిటికీ తెరిచే ఏళకు అయిపోవల్ల అనేటోడు."

"ఇప్పుడు యాడుండాడు?"

"కోడుమూరులో కూతురు కాడికి పాయ. ఈడ ఇంగ నాకు పనేముండాది అనె."

వీరభద్ర మాటలో కోపమేమీ లేదు.

సందులోకి తిరిగేసరికి కిటికీలోంచి తల్లి దగ్గు వినబడింది. రోడ్డు మీదికి వినబడేంత దగ్గని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

ఇంట్లోకి పోయి రెండు బిందెలు తీసుకుంది.

రైలుగేటు నుంచి వచ్చేలోగా రెండుచోట్ల దించింది. గుట్ట మీద ఒక బిందె, సందులో ఒక బిందె పోసింది. దుమ్ము అణిగింది. తన కిటికీ కిందికి వచ్చేసరికి ఇక అడుగు పడలేదు. రొప్పు వచ్చింది. పడిపోకుండా గోడ పట్టుకోబోయింది.

ఆమె చెయ్యి పడబోయిన చోట, తడిసి ఆరిన రాతిపొడిలో గట్టిపడిన ఒక అరచేతి గుర్తు అప్పటికే ఉంది.