వార్త ఇచ్చిందెవరు?

“పేరు చెప్తారా, చెప్పరా?” భార్య అరచేత్తో టేబుల్ మీద చరిచింది.

“చెప్పను. చెప్పక్కర్లేదని చట్టమే ఉంది,” అన్నాడు విలేకరి.

ఎదురుగా సోఫాలో ఆమె పైఆఫీసరు కాఫీ ఊదుకుంటూ ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. కట్టని వాటర్ ట్యాంకుకి మూడుసార్లు రంగులేయించినట్టు బిల్లులు పెట్టారని నిన్నటి పేపర్లో వార్త. ఆ గుట్టు విప్పిన ఇంటిదొంగని పట్టుకోమని, నీటి శాఖలో ఇంజనీరైన ఆమెకే పురమాయించాడాయన. రాసింది ఆమె మొగుడే మరి! పైగా ఆమె మీదే అనుమానం. ఈ ఆదివారం పేరు రాబట్టకపోతే ఉద్యోగానికే ఎసరు.

“చెప్తే ఒక మనిషి ఉద్యోగం పోతుందే!”

“చెప్పకపోతే నాది పోతుంది!”

“చెప్పినా...” అనబోయి విలేకరి నాలిక్కరుచుకున్నాడు.

“ఛీ! కట్టుకున్నదానికంటే వాడెవడో ఎక్కువైపోయాడు!” ఆమె కళ్ళొత్తుకుంది. “నేను రోడ్డున పడితే మీ చట్టం పెడుతుందా తిండి?”

పైఆఫీసరు కరిగిపోయాడు. “ఊరుకోమ్మా. నువ్వే చెప్పావనుకున్నాను. నువ్వే అయితే ఆయన్ని ఇలా దులిపేస్తావా? నాదే పొరపాటు. ఈ ఎంక్వైరీ ఇక్కడితో వదిలేద్దాం.” కప్పు దించి వెళ్ళిపోయాడు.

“నాతో మాట్లాడకండి!” ఆమె పడగ్గదిలోకి పోయి ముసుగుతన్నింది.

విలేకరికి ప్రాణం లేచొచ్చింది. పేరెలా చెప్తాడు, పాపం? చెప్పింది ఆవిడే! నిద్రలో కలవరించే అలవాటు. పోయిన ఆదివారం మధ్యాహ్నం కునుకులో ట్యాంకు కథంతా గడగడా వాగేసింది. తన నోరే తన కొంప ముంచుతోందని పిచ్చిమొహానికి తెలీదు. తెలిస్తే ఇంకేమైనా ఉందా! అంతగా ఏడిపించినందుకు అతనికి మనసు చివుక్కుమంది.

అంతలో గదిలోంచి గొణుగుడు. మనసు చివుక్కుమనడం కాస్త పక్కన పెట్టి, ఫోను పట్టుకుని పిల్లిలా వెళ్ళి మంచం పక్కన చతికిలబడ్డాడు.

“రంగుల కాంట్రాక్టరు... మా ఆఫీసరుగారి చుట్టమే...” గుర్రు మధ్యలో కలవరిస్తోంది.

చుట్టమంటే? ఇంకెవడుంటాడు! పెదాలు కదుపుకుంటూ ఫోన్లో టైపు చేశాడు. “ఆఫీసరుగారి... బావమరిది...”

“బావమరిది కాదు, తోడల్లుడు,” అంది ఆమె కళ్ళు తెరవకుండానే. “సరిగ్గా రాసుకోండి.”