మీట నొక్కిన అమ్మాయి

పాత ప్రకటనల ప్రదర్శనలో, మా ఆయన వయసులో ఉండగా తీసిన వాషింగ్ మెషిన్ సినిమా వేశారు. తెర మీద ఓ అమ్మాయి మీట నొక్కి, నవ్వుతూ, కాలు మీద కాలేసుకుని పుస్తకం తెరిచింది. "ఇక ఇల్లాలికి తీరికే తీరిక!" అంది తెర వెనకనుంచి మా ఆయన గొంతు. హాలంతా చప్పట్లు.

తీరికట, తీరిక! మా ఇంటికి మెషిన్ రాగానే పనిమనిషిని మాన్పించింది ఈయనే.

"ఎంత చక్కటి నవ్వండీ! ఎవరా అమ్మాయి?" అని ఎవరో లేచి అడిగారు.

"ఎవరో కొత్తమ్మాయిలెండి, పేరు గుర్తులేదు. తర్వాత మళ్లీ ఎక్కడా నటించలేదు," అన్నాడు వేదిక మీద మా ఆయన, మైకులో.

ముందు వరసలో పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను.

ఇంటికి రాగానే చొక్కా విప్పి నా ఒళ్లో పడేశాడు. "కాఫీ ఒలికింది. రేపు పేపరువాళ్లొస్తారు, పొద్దున్నకల్లా ఉతికి పెట్టు. మెషిన్ ఉందిగా, నీకేం కష్టం?"

ఆ చొక్కా ఉండచుట్టి ఆయన మొహాన కొట్టాను. "ఆ సినిమాలో అమ్మాయిని పిలిచి ఉతికించుకోండి!"

"మతి పోయిందా? అది నువ్వేగా!" అని అరిచాడు.

"మైకు ముందు గుర్తురానిదాన్ని, మాసిన చొక్కా చేతికి రాగానే గుర్తొచ్చానా?"