ఉక్కు బిళ్ళ ఆరో మజిలీ

యంత్రం మీదున్న ఆకుపచ్చ పొట్లాన్ని వేన్ సారు చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి చూసి, మొహం చిట్లించి, చెత్తబుట్టలో పడేశారు.

"ఇది కొలతల ప్రయోగశాల. చిరుతిళ్ళ కొట్టు కాదు."

అక్కడ పనిచేసే పెయ్-షువాన్ చెత్తబుట్టలోకి తొంగి చూసింది. తైవాన్‌లో ఏ యంత్రానికైనా పక్కన కొబ్బరి చిరుతిండి పొట్లం ఉండాల్సిందే. దాని మీద 'బుద్ధిగా ఉండు' అని రాసి, తేదీ వేసి పెడితే యంత్రం మాట వింటుంది. గడువు దాటిన పొట్లమైతే మొండికేస్తుంది.

ఐదు దేశాల ప్రయోగశాలలు చుట్టి ఉక్కు బిళ్ళ ఆ ఉదయమే వచ్చింది. వజ్రపు మొనతో నొక్కి, అదెంత గట్టిదో ఎవరికి వారే చెప్పాలి. పక్కవాళ్ళ అంకె ఎవరికీ తెలియదు. వీళ్ళకిదే మొదటిసారి. అంకె కలిస్తే ఇక్కడి ఉక్కు కర్మాగారాలు ధ్రువపత్రం కోసం పరాయి దేశానికి పరిగెత్తనక్కర్లేదు. కలవకపోతే ఈ గదికి తాళమే.

మొదటి రోజు అంకెలు కుదురుగా రాలేదు. సారు ఒక్కోటీ రిజిస్టరులో రాసుకున్నారు. ఒకటని పొరబడకుండా ప్రతి ఏడుకీ నడుమ అడ్డగీత కొట్టే మనిషి ఆయన.

"పొట్లం తీసేశారుగా, అలిగింది," అంది పాత ఉద్యోగి లియావ్ అక్క.

"అలగడానికి అదేమన్నా మీ అత్తగారా?"

మధ్యాహ్నం అందర్నీ భోజనానికి పంపేసి, మర బిగించాలంటూ ఆయనొక్కరే ఉండిపోయారు.

మర్నాడు అందరికంటే ముందొచ్చిన పెయ్-షువాన్, యంత్రం వెనక రేకు తలుపు సందులోంచి కొత్త పొట్లం లోపలికి తోసేసింది. దొరికిపోతానన్న దడలో లోపలికి చూడనైనా లేదు.

ఆ రోజు నుంచి అంకెలు గీసిన గీత దాటలేదు.

నాలుగు నెలలకు ఫలితాలొచ్చాయి. ఆరింటిలో సగటుకి అందరికంటే దగ్గరున్నది వీళ్ళే. లియావ్ అక్క కళ్ళు తుడుచుకుంది. కర్మాగారాల నుంచి ఫోన్లు ఆగలేదు. సారు అందరికీ పాల టీ తెప్పించారు.

"మర బిగించాం, గెలిచాం. పొట్లం లేకుండా," అన్నారు, ఆ చివరి మాట ఒత్తి పలుకుతూ.

పెయ్-షువాన్ తల వంచుకుని టీ తాగింది. అందరూ వెళ్ళాక తన పొట్లం తీసేద్దామని రేకు తలుపు తెరిచింది.

లోపల రెండున్నాయి.

తనది కానిదాన్ని వెలుతురులోకి తెచ్చింది. 'బుద్ధిగా ఉండు' అని ఉంది. కింద తేదీ ఉంది.

ఏడుకి నడుమ అడ్డగీత ఉంది.