సలోమి చెప్పిన ఆమేన్

చర్చి పెంకుల మీద కాపురముండే పావురాలు పొద్దున్నే ప్రార్థన చేసుకునిగాని మేతకు వెళ్ళవు. ప్రార్థన చేసేది ఎప్పుడూ యోబు తాతే. ఆయన ఆమేన్ అనగానే అందరూ ఆమేన్ అని ఒక్కసారిగా ఎగరాలి. "నేనూ ఒక్కరోజు చేస్తాను తాతా" అని కుర్ర పావురం సలోమి కిందటి వారం అడిగితే, "ముందు ఈకలు ముదరనీ" అన్నాడాయన.

ఆ రోజు తాత ప్రార్థన ఆదాము దగ్గర మొదలై ఇంకా నోవహు ఓడ దాకే వచ్చింది. సలోమి ఒక కన్ను తెరిచింది. గోడ మీంచి గండుపిల్లి పెంకుల మీదికి పాకుతోంది.

"తాతా, పిల్లి!"

"ష్! ప్రార్థనలో మాటలేంటి? కళ్ళు మూసుకో" అన్నాడు తాత, కళ్ళు తెరవకుండానే. మిగతావాళ్ళూ ష్ అన్నారు. ఒక్కరంటే ఒక్కరు కన్ను తెరవలేదు.

పిల్లి నాలుగు పెంకుల దూరంలో ఆగి, దూకడానికి ఒళ్ళు ముడుచుకుంది. సలోమి తనొక్కతే ఎగిరిపోవచ్చు. రెక్కలు విప్పింది కూడా. కానీ అందరినీ వదిలి వెళ్ళడానికి మనసు రాలేదు. గొంతు చించుకుని అరిచింది.

"ఆమేన్!"

అలవాటుకొద్దీ అన్ని గొంతులూ ఆమేన్ అన్నాయి, అన్ని రెక్కలూ లేచాయి. పిల్లి పంజాకి తాత తోక ఈక ఒక్కటే దక్కింది.

అందరూ వెళ్ళి గంట గోపురం మీద వాలారు.

"పెద్దవాళ్ళకంటే ముందు ఆమేన్ అనేశాను, తప్పే తాతా" అంది సలోమి.

తాత కిందికి, పిల్లి నోట్లో ఉన్న తన ఈక వైపు చూశాడు.

"రేపట్నుంచి ప్రార్థన నువ్వే చెయ్యమ్మా" అన్నాడు. "నేను కళ్ళు తెరుచుకుని కూర్చుంటాను."